నవ్వుల పద్దు

నెలాఖరున ఖర్చుల పుస్తకం ముందు పెట్టుకుని కూచున్న ఇల్లాలికి ఒక సంగతి బాగా తెలుసు. కోత పెట్టాలంటే బియ్యం పద్దు మీద చెయ్యి పడదు, పాల పద్దు మీదా పడదు. అద్దె తగ్గదు, బడి ఫీజు తగ్గదు. కలం తిరిగి తిరిగి వచ్చి ఆగేది పూలకీ, వారపత్రికకీ, నెలకోసారి చూసే సినిమాకీ రాసుకున్న చిన్న చిన్న పద్దుల దగ్గర. అవన్నీ కలిపి కొట్టేసినా మిగిలేది ఏపాటి? అయినా గీత మాత్రం వాటి మీదే పడుతుంది. ఎందుకంటే అవి లేకపోయినంత మాత్రాన ఇంట్లో ఎవరూ పస్తుండరు.

రేడియోల వాళ్ళకీ, టెలివిజన్ల వాళ్ళకీ కూడా ఇలాంటి ఖర్చుల పుస్తకాలుంటాయి. చేతికి ఇరుకు వచ్చినప్పుడల్లా వాళ్ళ కలం కూడా తిరిగి తిరిగి ఒకచోట ఆగుతూ ఉంటుంది. ఆ వారం దేశంలో జరిగిన సంగతుల్ని పట్టుకుని, మంత్రుల్నీ అధికారుల్నీ ఆటపట్టిస్తూ, ఏళ్ళ తరబడి నడుస్తున్న హాస్య కార్యక్రమాల దగ్గర! “ఇరవయ్యేళ్ళ నుంచీ అదే గోల కదా, ఇంక చాలు” అంటారు కొందరు. “అవి తీసేస్తే పెద్దవాళ్ళని అడిగే నోరే పోతుంది” అంటారు మరికొందరు. ఈ తగువు ఎక్కువగా వినిపించేది ఇంగ్లండులో. అక్కడి బీబీసీకి ఈ రకం నవ్వుతో ఎనభై ఏళ్ళకు పైబడిన సహవాసం. అంచేత ఎవరి మాట సబబో తేల్చుకునే ముందు ఆ సహవాసం ఎలా సాగిందో ఓసారి చూడడం మంచిది.

ముందు బీబీసీ సంసారం ఎలా గడుస్తుందో చెప్పుకోవాలి. మన దేశంలో 1980ల దాకా రేడియోకి లైసెన్సు ఉండేదనీ, ఏడాదికోసారి పోస్టాఫీసుకి వెళ్ళి డబ్బు కట్టి రావలసి వచ్చేదనీ మన పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ దేశంలో టెలివిజన్‌కి అలాంటి లైసెన్సు ఇంకా ఉంది. స్వదేశంలో బీబీసీ ప్రకటనలు వెయ్యదు. ఇంటింటి నుంచీ వచ్చే ఆ రుసుమే దానికి ముఖ్యమైన ఆదాయం. అది ఎంత ఉండాలో తేల్చేది మాత్రం ప్రభుత్వం. 2022 జనవరిలో ప్రభుత్వం రెండేళ్ళపాటు ఆ రుసుము 159 పౌండ్లు దాటడానికి వీల్లేదంది. బయట చూస్తే ధరలు మండిపోతున్న రోజులు. మరి కోతలు రాక ఏమవుతాయి? అదీగాక, ఎవరిని వెక్కిరించాలో వాళ్ళ చేతిలోనే మన నెల జీతం ఉందంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ చిక్కు ఒకటి గుర్తుంచుకుంటే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది.

కథ 1939 జూలైలో మొదలయింది. “ఇట్స్ దట్ మాన్ ఎగైన్” అని ఒక రేడియో కార్యక్రమం వచ్చింది. మళ్ళీ ఆ మనిషేనర్రా, అని అర్థం. ఆ మనిషెవరో కాదు, హిట్లరు. ఏ రోజు పత్రిక తెరిచినా వాడి గొడవే గనక, పత్రికలు వాడుకునే మాటనే పేరుగా పెట్టేశారు. లివర్‌పూల్ వాడైన టామీ హాండ్లీ అందులో ముఖ్య నటుడు. టెడ్ కావనా వారం వారం కొత్తగా రాసి ఇచ్చేవాడు. రెండు నెలలు తిరక్కుండానే యుద్ధం వచ్చింది. వీధి దీపాలు ఆర్పేశారు, వెన్న నుంచి బట్టల దాకా అన్నిటికీ రేషన్ వచ్చింది. ఆ చీకట్లో జనం రేడియో చుట్టూ చేరి, ఆ వారం తాము పడ్డ అవస్థలనే తల్చుకుని నవ్వుకున్నారు.

అందులో హాండ్లీ ఒక మంత్రి. చిరాకులకీ రహస్యాలకీ మంత్రి! రోజుకో కొత్త నిబంధన పుట్టించే ప్రభుత్వ శాఖల మీద విసురన్నమాట. ఫున్ఫ్ అని ఒక జర్మన్ గూఢచారి తరచు టెలిఫోనులో బెదిరిస్తూ ఉండేవాడు. ఆ వేషం వేసిన జాక్ ట్రెయిన్ గాజు గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఆ గొంతు పలికించేవాడు. శత్రువు ఎక్కడ పొంచి ఉన్నాడో అని హడలిపోతున్న జనానికి, ఆ గూఢచారి గ్లాసులోంచి మాట్లాడేసరికి భయం కాస్తా నవ్వై కూచుంది. బకెట్టూ గుడ్డా పట్టుకుని గది తుడవడానికి వచ్చే మిసెస్ మాప్ అయితే చెప్పనే అక్కర్లేదు, దేశమంతా ఆవిడ మాటలే. 1942 ఏప్రిల్ 21న యువరాణి ఎలిజబెత్‌కి పదహారో ఏడు నిండితే, విండ్సర్ కోటలో పుట్టినరోజు వేడుకకి ఈ బృందాన్నే పిలిపించారు. 1949 జనవరి 9న హాండ్లీ పోయాడు. బీబీసీ ఇంకొకరిని ఆ చోట నిలబెట్టలేదు; కార్యక్రమం ఆయనతోనే ముగిసింది. లండన్‌లో సెయింట్ పాల్ మహామందిరంలో ఆయనకి స్మారక ప్రార్థన జరిపారు. నవ్వించి బతికిన మనిషికి అంత మర్యాద దక్కడం ఎక్కడో గాని జరగదు.

యుద్ధం అయిపోయాక బీబీసీ మళ్ళీ మడి కట్టుకుంది. 1940ల చివర హాస్యం రాసేవాళ్ళ కోసం ఒక చిన్న నియమావళి తయారుచేశారు. దాని అట్ట రంగుని బట్టి ఆకుపచ్చ పుస్తకం అని పేరు పడింది. కొత్త దంపతుల మీద జోకులు వెయ్యరాదు. హోటలు పనిపిల్లల మీద వెయ్యరాదు. ఆడవాళ్ళ లోబట్టల ఊసు ఎత్తరాదు. కుందేళ్ళ ప్రస్తావన కూడా జాగ్రత్తట! రాజకీయాల దగ్గరా ముందుకో అడుగు, వెనక్కో అడుగు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, రామరావణ యుద్ధం మధ్యలో కూడా తెర మీదికొచ్చి ఊళ్ళోవాళ్ళ గుట్టుమట్లన్నీ బయటపెట్టి పోతాడు కదా. ఆ పుస్తకం గనక వాడి చేతిలో పెడితే పాపం, బంగారక్క వంక చూడ్డానికి కూడా జంకేవాడు.

ఈ మడి తెగింది 1962 నవంబరు 24న. శనివారం రాత్రి పొద్దుపోయాక టెలివిజన్‌లో “దట్ వజ్ ద వీక్ దట్ వజ్” మొదలయింది. డేవిడ్ ఫ్రాస్ట్ అనే ఇరవై మూడేళ్ళ కుర్రవాడు నడిపేవాడు. ఆ వారం వార్తలతోనే పాట కట్టి మిలిసెంట్ మార్టిన్ పాడేది. విశేషమేమిటంటే దీన్ని తయారుచేసింది వినోద విభాగం కాదు, వర్తమాన వ్యవహారాల విభాగం. ఆ విభాగానికి పెద్ద ఒక స్త్రీ, గ్రేస్ విండమ్ గోల్డీ. అప్పటిదాకా టెలివిజన్‌లో మంత్రులతో మాట్లాడాలంటే చేతులు కట్టుకుని మాట్లాడేవారు. ఈ కుర్రవాళ్ళు ఏకంగా పేర్లు పెట్టి దులిపేశారు. తనకి బాధ్యత ఉన్న శాఖామంత్రి చర్య తీసుకుంటానని బయల్దేరితే, ప్రధానమంత్రి మాక్మిలనే వద్దన్నాడు. మనల్ని పట్టించుకోకపోవడం కంటే నవ్వుకోవడం నయం కదా, అన్నది ఆయన వాదం. ముదురు మనిషే!

నవ్వించడం ఒక్కటే వాళ్ళ పని కాదని కూడా ఆ కార్యక్రమం చూపించింది. 1963 నవంబరు 22న అమెరికాలో కెన్నెడీని కాల్చి చంపారు. మర్నాడే శనివారం. ఆ రాత్రి ఒక్క జోకూ లేదు. వేసుకున్నవన్నీ పక్కన పెట్టి, ఇరవై నిమిషాలు శ్రద్ధాంజలి ఘటించారు. అమెరికా వాళ్ళు దాన్ని తెప్పించుకుని తమ దేశంలోనూ చూపించారు. వారం వారం మనతో కూచుని నవ్వేవాళ్ళు ఒకవారం నవ్వు మానేసి మాట్లాడితే, ఆ మాటకి ఉండే బరువే వేరు. సరే, అంత పేరు తెచ్చుకున్న కార్యక్రమం ఎన్నేళ్ళు బతికింది? పట్టుమని రెండేళ్ళు కూడా లేదు. 1964లో ఎన్నికలు వస్తున్నాయి గనక నిష్పాక్షికంగా ఉండాలంటూ 1963 డిసెంబరు 28తో ఆపేశారు. డబ్బు ప్రసక్తి రానే లేదు. ఆపాలని ఉంటే ఏదో ఒక కారణం దొరుకుతుందన్నమాట.

ఇహ నాకు చాలా ఇష్టమైన భాగానికి వస్తాను. 1970లో బీబీసీ రేడియో నాలుగులో “వీక్ ఎండింగ్” మొదలయింది. డేవిడ్ హాచ్, సైమన్ బ్రెట్ దాన్ని పుట్టించారు. పెద్ద తారలు లేరు, ఆర్భాటం లేదు. నలుగురు నటులు, ఒక మైకు, ఆ వారం పత్రికలు. కాని దానికో గొప్ప గుణం ఉంది. ఎవరైనా రాసి పంపవచ్చు. పేరు అక్కర్లేదు, సిఫార్సు అక్కర్లేదు. రచయితల సమావేశానికి దారిన పోయేవాడు కూడా వచ్చి కూచోవచ్చు. రాసింది బాగుంటే చదువుతారు, ఎన్ని నిమిషాలు ప్రసారమయితే అన్ని నిమిషాలకీ డబ్బు ఇస్తారు. డగ్లస్ ఆడమ్స్ మొదట్లో అక్కడ రాశాడు. వార్తల హాస్యం ఆయనకి అంతగా అచ్చిరాలేదు గాని, అంతరిక్షంలో తిరిగే ఆయన కథకి రేడియోలో తొలి నమూనా తీసింది ఈ సైమన్ బ్రెట్టే. ఆ కథ 1978లో ప్రసారమై, పుస్తకమై, ప్రపంచమంతా తిరిగింది.

ఇంకో అమ్మాయి సంగతి చెప్పకుండా ముందుకి పోలేను. పేరు డెబ్బీ బారమ్. 1976లో పుట్టింది. పదిహేనేళ్ళ వయసులోనే వీక్ ఎండింగ్‌కి హాస్యం రాసి పంపింది. పూర్తి పేరు రాస్తే ఆడపిల్ల అనీ, చిన్నపిల్ల అనీ తెలిసి పక్కన పడేస్తారేమోనని, పొడి అక్షరాలతో డి. ఎ. బారమ్ అని సంతకం పెట్టింది. తీసుకున్నారు! ఆ తరవాత ఆవిడ పెద్ద పెద్ద హాస్యనటులందరికీ మాటలు అందించింది. పాపం, 2003లో ఇరవయ్యారేళ్ళకే తిండి సహించని జబ్బుతో కన్నుమూసింది. ఆ కాస్త బతుకులో ఆవిడ చేసిన పనంతా ఎక్కడ మొదలయింది? ఎవరు పంపినా కాగితం తీసుకునే ఒక గుమ్మం దగ్గర. ఆ గుమ్మమే లేకపోతే ఆ పిల్ల ఎవరికి పంపేది?

1977 సెప్టెంబరులో “ద న్యూస్ క్విజ్” వచ్చింది. పేరుకి ప్రశ్నల పోటీ, నిజానికి నలుగురు తెలివైనవాళ్ళు కూచుని ఆ వారం వార్తల మీద చెప్పుకునే కబుర్లు. లిండా స్మిత్ అనే హాస్యనటి అక్కడ అందరికీ ప్రియమైన గొంతయింది. బతికున్నవాళ్ళలో ఇంత చమత్కారి లేరని 2002లో రేడియో నాలుగు శ్రోతలు ఆవిడకి ఓటు వేశారు. 2006లో ఆవిడ పోయారు. అదే ఏడాది నుంచి 2015 వరకు సాండీ టాక్స్‌విగ్ ఆ కార్యక్రమాన్ని నడిపి, మానేశాక ఆడవాళ్ళ సమానత్వం కోసం ఒక రాజకీయ పార్టీ పెట్టిన వాళ్ళలో ఒకరయ్యారు. ఇన్ని చేతులు మారినా న్యూస్ క్విజ్ అర్ధశతాబ్దానికి చేరువగా వచ్చింది. మనుషులు మారారు, వేళ మారలేదు. ఈ మాట కొంచెం గుర్తుంచుకోండి.

మరి ఇంత మేలు చేసేవాటి మీద లెక్కల వాళ్ళకి అంత కంటగింపు ఎందుకూ అంటారా? అందులో వాళ్ళ తప్పు పూర్తిగా లేదు. హాస్యంలో రెండు రకాలున్నాయి. ఒకటి ఊరగాయ. “ఫాల్టీ టవర్స్” మొత్తం పన్నెండు భాగాలే తీశారు, 1979లో అయిపోయింది. ఇన్నేళ్ళయినా జాడీ మూత తీసి వడ్డిస్తూనే ఉన్నారు. రెండోది చారు. ఏ పూటకా పూట కాచుకోవాలి, మర్నాటికి పనికిరాదు. ఈ వారం మంత్రి మీద వేసిన జోకు, ఆ మంత్రి పదవి ఊడగానే చల్లారిపోతుంది. మళ్ళీ ప్రసారం చేసుకోలేరు, పరాయి దేశాలకి అమ్ముకోలేరు. లాభం చూసేవాడు ఊరగాయే పెట్టమంటాడు. కాని అన్నంలోకి రోజూ ఊరగాయే అంటే ఎవరి ఒంటికి సరిపడుతుంది చెప్పండి?

ఆపేయాలనే వాళ్ళ దగ్గర ఇంతకంటే గట్టి మాటలు రెండున్నాయి. వాటికి జవాబు చెప్పకుండా తప్పుకోవడం న్యాయం కాదు. మొదటిది, చాలాకాలం నడిచిన కార్యక్రమం ఒక క్లబ్బయి కూచుంటుంది. “మాక్ ద వీక్” 2005లో మొదలయి 2022 దాకా టెలివిజన్‌లో నడిచింది. వారం వారం చూస్తే అందరూ మగవాళ్ళే, ఒకరి మీద ఒకరు అరుచుకోవడమే. మధ్యలో ఒక ఆడమనిషిని కూచోబెడితే ఆవిడకి నోరు తెరిచే సందు దొరికేది కాదు. జో బ్రాండ్ వంటి పేరున్న హాస్యనటే ఇహ నేను రానని చెప్పేసింది. మొత్తం మగవాళ్ళతో ఇలాంటి కార్యక్రమాలు ఇకమీదట వెయ్యబోమని 2014లో బీబీసీ టెలివిజన్ అధికారి ప్రకటించవలసి వచ్చింది. అంటే అన్నాళ్ళూ గుమ్మం ఉందే గాని, సగంమందికి గొళ్ళెం పెట్టే ఉందన్నమాట.

రెండోది ఇంకా కష్టమైన మాట. వెక్కిరింత ఒక్కోసారి వెక్కిరించబడ్డ వాడికే లాభిస్తుంది. 1990 నుంచీ నడుస్తున్న “హావ్ ఐ గాట్ న్యూస్ ఫర్ యూ”కి 1998లో బోరిస్ జాన్సన్ మొదటిసారి అతిథిగా వచ్చాడు. చెదిరిన జుట్టూ, తడబడే మాటలూ చూసి జనం పడీపడీ నవ్వారు. తరవాత ఆ కార్యక్రమాన్ని ఆయన చేతే నడిపించారు కూడా. 2019లో ఆయన ప్రధానమంత్రి అయ్యాడు. నవ్వించే మనిషి మనసున్నవాడే అయి ఉంటాడనుకోవడం మనందరికీ ఉన్న బలహీనత. పదును పోయిన హాస్యం పెద్దవాళ్ళ గీర దించదు సరికదా, వాళ్ళకి బుగ్గచుక్క పెట్టి ముద్దొచ్చేలా చేస్తుంది. అంచేత పాతదైనంత మాత్రాన పూజ చెయ్యనక్కర్లేదు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను.

అయితే పాతబడింది గనక ఆపుతున్నారా, గుచ్చుకుంటోంది గనక ఆపుతున్నారా అన్నది బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది? రెండింటికీ పైకి చెప్పే కారణం ఒకటే, డబ్బు. ఈ చిక్కు ఈమధ్య అమెరికాలో అందరి కళ్ళా పడింది. సీబీఎస్ సంస్థలో “లేట్ షో” 1993 నుంచీ రాత్రిళ్ళు నడుస్తూ వచ్చింది; 2015 నుంచి స్టీఫెన్ కోల్బర్ట్ నడిపాడు. అధ్యక్షుడు ట్రంప్ వేసిన దావా విషయంలో ఆ సంస్థ యజమానులు 1 కోటి 60 లక్షల డాలర్లకి రాజీ పడ్డారు. 2025 జూలై 14న కోల్బర్ట్ తన కార్యక్రమంలోనే ఆ రాజీని ఎండగట్టాడు. జూలై 17న, 2026 మే నెలతో లేట్ షో ముగుస్తుందని ప్రకటన వచ్చింది. ఇది కేవలం ఆర్థిక నిర్ణయమని సంస్థ చెప్పింది. ఏడాదికి సుమారు 4 కోట్ల డాలర్లు నష్టమొస్తోందని పత్రికలూ రాశాయి. నష్టం నిజమే కావచ్చు. కాని మూడు రోజుల తేడా చూసిన జనం నమ్మమంటే ఎలా నమ్ముతారు? పైగా కోల్బర్ట్ బదులు ఇంకొకరిని తెస్తామనలేదు. ఆ కార్యక్రమాన్నే ఇక ఎత్తేస్తామన్నారు. మనిషిని మార్చలేదు, గుమ్మమే మూసేశారు.

నాకు మాత్రం తీర్పు ఇక్కడే దొరికిందనిపిస్తుంది. మళ్ళీ ఒకసారి వెనక్కి చూడండి. 1998లో వీక్ ఎండింగ్‌ని ఆపేశారు. దానికప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు, అలిసిపోయే ఉంటుంది. కాని అదే ఏడాది అదే రేడియోలో “ద నౌ షో” మొదలయింది. స్టీవ్ పంట్, హ్యూ డెన్నిస్ దాన్ని 2024 దాకా నడిపారు. 2009లో “న్యూస్‌జాక్” వచ్చి, ఎవరు రాసినా తీసుకునే పద్ధతిని 2021 దాకా సాగించింది. అంటే ఒక పేరు పోయినా ఆ చోటు బతికుంటే కొత్తవాళ్ళు పుట్టుకొస్తారు. చోటే పోతే ఎవరూ రారు. కార్యక్రమాన్ని కాపాడమని అడగడం కాదు, ఆ వేళని కాపాడమని అడగాలి. వారానికో అరగంట, వార్తల మీద నవ్వుకోవడానికని రాసిపెట్టి ఉండాలి. అందులో ఎవరు కూచోవాలో మాత్రం ఎప్పటికప్పుడు మారుతూ ఉండాలి. ఏటా కొన్ని కొత్త పేర్లు, అందులో ఆడపిల్లల పేర్లు, రాకపోతే అప్పుడు నిలదీయండి, తప్పులేదు.

ఇందుకయ్యే ఖర్చు కూడా పెద్దది కాదు. టెలివిజన్ సంగతి వేరు గాని, రేడియోలో నలుగురు మనుషులూ నాలుగు కుర్చీలూ చాలు. వీక్ ఎండింగ్ ఆ పెట్టుబడితోనే ఒక తరం రచయితల్ని తయారుచేసింది. ఆ పద్దు కొట్టేస్తే ఏడాది చివర మిగిలేది కొద్దిపాటి పౌండ్లు. పోయేదేమో ఇరవై ఏళ్ళ తరవాత ఊరగాయ పెట్టగలిగే చేతులు. చారు కాచడం నేర్చుకోనివాళ్ళు ఎకాయెకిని ఆవకాయ పెట్టలేరు కదా!

ఎక్కడో షెఫీల్డులోనో, ఇంకే ఊళ్ళోనో, ఈపాటికి పదిహేనేళ్ళ పిల్ల ఒకతె పేరు దాచుకుని ఓ కాగితం రాస్తూనే ఉంటుంది. దాన్ని ఎక్కడికి పంపాలో ఆ పిల్లకి తెలియాలి. లెక్కల పుస్తకం ముందు కూచున్న పెద్దమనుషులు గీత గీసే ముందు ఆ ఒక్క సంగతీ ఆలోచిస్తే చాలు.